విభజన లేని పెరుగుదల: పట్టుపురుగుల ప్రాజెక్టు డైరీ

మూడో దశ

ఈ బ్యాచ్ ఎఫ్‌సీ1 × ఎఫ్‌సీ2, బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే) డబుల్ హైబ్రిడ్. రెండో జ్వరం (కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండే సమయం) దాటిన చాకీ పురుగుల్ని, అంటే లేత పురుగుల్ని, చేవెళ్ల వైపు ఒక రైతు దగ్గర తీసుకుని, ఎండ ఎక్కకముందే తార్నాకలోని మా ల్యాబ్‌కు చేర్చాం. ఆకు కూడా ఆయన తోటదే, వీ1 రకం. కట్టలు కట్టి, తడి గోనెలో చుట్టి బస్సులో పంపుతున్నారు. వానాకాలం కాబట్టి మొదటి రోజే గట్టిగా చెప్పారు: "తడాకు పెట్టకు బిడ్డా, పురుగుకు పడదు. ఆరినంకనే ఎయ్యి." అందుకే ఆకు రాగానే ఫ్యాన్ కింద పాత చీర మీద పరిచి, నీటి చుక్క కనిపించనప్పుడే తట్టల్లో వేస్తున్నాం.

గదిలో వేడి 25 డిగ్రీల దగ్గర, తేమ 70 శాతం దగ్గర నిలపడం పెద్ద కష్టం కాలేదు. టెన్షన్ అంతా దోమల మందు పొగతోనే. డెంగీ సీజన్‌లో సాయంత్రం పూట పొగ బండి వీధుల్లో తిరుగుతుంది. దోమల్ని చంపే పైరెథ్రాయిడ్ మందులకు పట్టుపురుగు తట్టుకోలేదు, కాస్త సోకినా తల ఊపుతూ పసరు కక్కుకుని చచ్చిపోతుంది. బండి చప్పుడు వినిపిస్తే చాలు, జూనియర్లు పరుగెత్తి కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కేస్తున్నారు. గదిలోకి వచ్చేవాళ్లెవరూ ఒంటికి దోమల క్రీమ్ రాసుకుని రాకూడదని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం.

అసలు ప్రశ్న

మా ప్రాజెక్టు పాలీఅమైన్లు అనే అణువుల మీద. వాటి గురించి చదివినప్పుడల్లా ఒకే వాక్యం ఎదురవుతుంది: "కణాల పెరుగుదలకూ విభజనకూ ఇవి అవసరం." నాకు ఆ రెండు మాటల్నీ ఒకే గాటన కట్టడం నచ్చదు. పెరగడం వేరు, విడిపోవడం వేరు. మామూలు కణజాలంలో రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి ఏది దేనివల్లనో తేల్చడం కష్టం. పట్టుపురుగులో మాత్రం ఆ రెండింటినీ ప్రకృతే విడదీసి పెట్టింది. ఈ ప్రాజెక్టు ఆ ఒక్క వీలును పట్టుకుని చేస్తున్నది.

ముందు వీటి సంగతి. పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్ అనేవి చిన్న అణువులు. కణంలో ఉండే పీహెచ్ దగ్గర వరుసగా 2, 3, 4 ధనావేశాలు మోస్తుంటాయి. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ఇవి వాటిని అంటిపెట్టుకుంటాయి. కణంలోని స్పెర్మిడిన్‌లో ఎక్కువ భాగం ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ఉంటుంది. తొలినాళ్ల మైక్రోస్కోప్ పరిశోధకుడు ల్యూవెన్‌హుక్ 1670ల చివర్లోనే వీర్యంలో స్ఫటికాలు చూశానని ఉత్తరం రాశాడు. అవి స్పెర్మిన్ ఫాస్ఫేట్ అని తెలియడానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది.

తయారీ ఆర్జినిన్ నుంచి మొదలవుతుంది. కీటకాల్లో యూరియా చక్రం పూర్తిగా ఉండదు. ఆర్జినిన్‌ను తమంతట తాము తయారు చేసుకోలేవు, ఆకులోంచి రావాల్సిందే. ఆర్జినేజ్ దాన్ని ఆర్నిథిన్‌గా మారుస్తుంది. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్, మేం ల్యాబ్‌లో ఓడీసీ అంటాం, ఆర్నిథిన్ నుంచి పుట్రెసిన్ చేస్తుంది. ఆ తర్వాత స్పెర్మిడిన్, ఆపైన స్పెర్మిన్.

ఈ మొత్తం దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఓడీసీ మీద ఉన్న కట్టుదిట్టం. క్షీరదాల కణాల్లో ఈ ఎంజైమ్ అర్ధాయువు గంట కూడా ఉండదు. కణంలో పాలీఅమైన్లు ఎక్కువైతే, ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ తయారు చేసే రైబోజోమ్ ఒకచోట ఒక అక్షరం ముందుకు జారి చదువుతుంది. అలా జారితేనే ఆంటీజైమ్ అనే ప్రోటీన్ పూర్తిగా తయారవుతుంది. అది ఓడీసీని పట్టుకెళ్లి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కు అప్పగిస్తుంది. మామూలుగా ప్రోటియాజోమ్‌కు వెళ్లే ప్రోటీన్లకు యుబిక్విటిన్ గుర్తు తగిలించాలి, ఓడీసీకి అదీ అక్కర్లేదు. అంటే సరుకు ఎక్కువైన సంగతిని రైబోజోమే గుర్తుపట్టి, ఆ సరుకు చేసే ఎంజైమ్‌ను తీయించేస్తుంది. ఇదే ఏర్పాటు పండు ఈగ డ్రాసోఫిలాలో కూడా ఉంది. అక్కడ ఆంటీజైమ్ జీన్‌కు గట్‌ఫీలింగ్ అని పేరు పెట్టారు.

విభజన వైపు నాకు దొరికిన మంచి ఆధారం ఇంటి చిమట (కీచురాయి)ది. 1997లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎదిగిన చిమట మెదడులోని న్యూరోబ్లాస్టుల (నాడీకణాల్ని పుట్టించే కణాల) మీద పని ప్రచురించారు. జువెనైల్ హార్మోన్ ఆ కణాల్ని విభజింపజేస్తుంది. ఓడీసీని ఆపే డీఎఫ్ఎంఓ ఇస్తే ఆ ప్రభావం ఆగిపోయింది. పుట్రెసిన్ ఇస్తే మళ్లీ విభజన వచ్చింది. స్పెర్మిడిన్, స్పెర్మిన్ మాత్రం ఆ పని చేయలేదు. మూడింటిలో ఒక్క పుట్రెసిన్‌కే ఆ శక్తి ఉందంటే, "పాలీఅమైన్లు" అని కలిపి మాట్లాడటం ఎంత పైపైనో అర్థమవుతుంది.

పెరుగుదల వైపు ఆధారం మనకు దగ్గర్లోనే ఉంది. విశాఖపట్నం గీతం విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఐదో దశ పట్టుపురుగులకు 50 మైక్రోమోలార్ స్పెర్మిడిన్ ఇచ్చి పట్టు దిగుబడి పెరిగిందని ప్రచురించారు. ఆ పెరిగిన పట్టు వెనక గ్రంథి కణాల లోపల ఏం జరిగిందన్నదే నా ఆసక్తి.

నాలుగో జ్వరం

పురుగులన్నీ తల ఎత్తి కదలకుండా కూర్చున్నాయి. మేత ఆపేశాం, పడక ఆరడానికి సున్నం చల్లాం. అన్నీ ఒకేసారి లేస్తేనే వయసు లెక్క సరిగ్గా ఉంటుంది. ముందు లేచినవాటికి తొందరపడి ఆకు వేస్తే బ్యాచ్ రెండుగా చీలిపోతుంది. అందుకే దాదాపు అన్నీ కుబుసం విడిచేదాకా ఆగాం.

ఐదో దశ మొదలు

పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ దశలోనే తింటుంది. రాత్రి గదిలో లైట్ తీసి నిలబడితే ఆకు నమిలే చప్పుడు వాన చప్పుడులా వినిపిస్తుంది.

గుంపులు ఇలా చేశాం. ఒక గుంపుకు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఆరబెట్టిన ఆకు. రెండో గుంపుకు 50 మైక్రోమోలార్ స్పెర్మిడిన్. మూడో గుంపుకు డీఎఫ్ఎంఓ. నాలుగో గుంపుకు డీఎఫ్ఎంఓతో పాటు పుట్రెసిన్. డీఎఫ్ఎంఓ ఓడీసీలోకి దూరి, ఎంజైమ్ దాన్ని మార్చబోయే క్రమంలో అక్కడే శాశ్వతంగా అంటుకుపోతుంది. ఎఫ్లోర్నిథిన్ పేరుతో ఇదే మందును ఆఫ్రికాలో సెట్సీ ఈగ కుట్టడం వల్ల వచ్చే నిద్ర జబ్బుకు వాడటానికి అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది. మూడో గుంపులో ఏదైనా తగ్గి, నాలుగో గుంపులో అది తిరిగి వస్తే ఆ తగ్గుదల పుట్రెసిన్ లోటు వల్లనే అని ధైర్యంగా అనొచ్చు.

ఐదో గుంపు మా గైడ్ మేడం పట్టుబట్టి పెట్టించినది. డీఎఫ్ఎంఓ గుంపు రోజూ ఎంత ఆకు తింటే, మందు లేని ఆకును సరిగ్గా అంతే వీటికి వేస్తాం. "తిండి తగ్గితే గ్రంథిలో డీఎన్‌ఏ తయారీ అదే ఆగిపోతుందమ్మా. మందు చేసిన పనేదో, ఆకలి చేసిన పనేదో నీకెలా తెలుస్తుంది?" అన్నారు. పని పెరిగింది. ప్రతి పూటా మిగిలిన ఆకు, రెట్ట వేరు చేసి తూకం వేయాలి. అయినా ఈ గుంపు లేకుండా మిగతా నాలుగు గుంపుల లెక్కలు నేను నమ్మను.

ఆకును ముంచడంలో ఒక ఇబ్బంది ఉంది. మల్బరీ ఆకులోనే పాలీఅమైన్లు ఉంటాయి, పురుగు పేగులోని బ్యాక్టీరియా కూడా పుట్రెసిన్ తయారు చేస్తుంది. దానికి తోడు పట్టుపురుగు పేగు చాలా క్షారంగా, పీహెచ్ 10 దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ ఈ అణువుల ఆవేశంలో కొంత పోతుంది. కాబట్టి ఆకు మీద ఎంత పెట్టామన్నది పక్కన పెట్టి, గ్రంథిలోకి ఎంత చేరిందన్నదే కొలుస్తున్నాం.

గ్రంథి కోత

పురుగును కాసేపు ఐస్ మీద ఉంచి, మైనపు ట్రేలో వీపు పైకి ఉండేలా పిన్నులు గుచ్చి, సెలైన్ పోసి, వీపు మీద నడిమి గీత వెంట కత్తెరతో పైపైనే కోయాలి. కత్తెర మొన లోపలికి దిగితే ఆకుపచ్చ పేగు పగిలి అంతా పాడైపోతుంది. చర్మం తెరవగానే మధ్యలో పేగు, దానికి రెండు పక్కలా పట్టుగ్రంథులు. మధ్య భాగం లావుగా, వంపు తిరిగి, గాజులా మెరుస్తుంది. పట్టుపోగు జిగురైన సెరిసిన్ వచ్చేది అక్కడే. వెనుక భాగం సన్నగా, తెల్లగా మడతలు మడతలుగా ఉంటుంది. పట్టుపోగు అసలు ప్రోటీన్ ఫైబ్రాయిన్ తయారయ్యేది అందులో. మడతలు విప్పితే పురుగు ఒంటి పొడవును దాటిపోతుంది.

వెనుక భాగంలోంచి చిన్న ముక్క కోసి, ఫిక్స్ చేసి, ఎసిటోకార్మిన్ వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. అందులో చూసింది ఎంత రాసినా తక్కువే. గొట్టం గోడను చుట్టూ తిరిగి చూస్తే ఉండేవి రెండే కణాలు. ఆ రెండూ కలిసి మొత్తం చుట్టును మూసేస్తాయి. ఒక్కో కణం లోపల కేంద్రకం గుండ్రంగా లేదు. ఆకు రాల్చిన వేపకొమ్మలా శాఖలు శాఖలుగా కణమంతా పాకి ఉంది. ఫోకస్ కొంచెం తిప్పితే ఒక శాఖ మాయమై, దాని కింద ఇంకో శాఖ పైకి తేలుతుంది. నా పక్కన నిలబడ్డ జూనియర్ చాలాసేపు ఐపీస్ వదల్లేదు. "అక్కా, ఇదంతా ఒకటే న్యూక్లియసా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. అవును, ఒకటే.

లెక్క ఇది. ఒక్కో పట్టుగ్రంథిలో సుమారు 1,000 కణాలు, అందులో వెనుక భాగంలో 500 దాకా ఉంటాయి. ఈ సంఖ్య గుడ్డులో పిండంగా ఉన్నప్పుడే ఖాయమైపోతుంది. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చాక ఆ గ్రంథిలో ఒక్క కణం కూడా విభజన చెందదు. పురుగు బరువు సుమారు 10,000 రెట్లు పెరుగుతుంటే, గ్రంథి కూడా దాంతో పాటే ఎదుగుతుంటే, కణాలు మాత్రం అవే. డీఎన్‌ఏ రెట్టింపవుతుంది, కణం విడిపోదు, మళ్లీ రెట్టింపవుతుంది. వెనుక భాగంలో ఇలా 17 నుంచి 19 సార్లు జరుగుతుంది. 18 సార్లు అనుకుంటే 2,62,144 రెట్లు. ఫైబ్రాయిన్ హెవీ చెయిన్ జీన్ క్రోమోజోమ్ సెట్టుకు ఒకటే ఉంటుంది. అది ఒక్కటే ప్రత్యేకంగా పెరగదు, మొత్తం జీనోమ్‌తో పాటే పెరిగి లక్షల కాపీలవుతుంది. కొద్ది రోజుల్లో అంత పట్టు తీయగలగడానికి ఇదే మూలం.

ఇందువల్ల మాకు ఒక గొప్ప సౌకర్యం. ఇంకే కణజాలంలోనైనా డీఎన్‌ఏ పెరిగిందంటే కణాలు పెరిగాయా, లేక ఒక్కో కణంలో డీఎన్‌ఏ పెరిగిందా అని తలబద్దలు కొట్టుకోవాలి. ఇక్కడ కణాల సంఖ్య మారదు. డైఫినైలమీన్ పద్ధతిలో వచ్చే నీలి రంగు కొలిస్తే, ఆ తేడా అంతా రెట్టింపులదే.

ఇప్పటిదాకా కంటికి కనిపించింది మాత్రమే రాస్తాను. స్పెర్మిడిన్ గుంపులో గ్రంథులు కాస్త బరువుగానే వస్తున్నాయి గానీ, ఒకే గుంపులో పురుగుకూ పురుగుకూ ఉన్న తేడా దాదాపు అంతే ఉంది. కాబట్టి ఇంకా ఏమీ అనను. కేంద్రకం ఆకారంలో తేడా లేదు. డీఎఫ్ఎంఓ గుంపు గ్రంథులు స్పష్టంగా సన్నగా ఉన్నాయి. అయితే తక్కువ ఆకు తిన్న ఐదో గుంపు గ్రంథులు కూడా సన్నబడ్డాయి. మేడం అడిగిన ప్రశ్న విలువ అక్కడ తెలిసింది. రెండింటినీ పక్కపక్కన పెడితే మందు గుంపుది ఇంకొంచెం సన్నం. ఆ మిగిలిన కొంచెమే మాకు కావలసినది. పుట్రెసిన్ కూడా ఇచ్చిన నాలుగో గుంపు మళ్లీ బాగా తిన్నది. ఆ ఆకులోనూ అదే మందు ఉంది కాబట్టి, మూడో గుంపు రుచి నచ్చక తిండి మానేసిందని అనుకోవడానికి లేదు.

రక్తపు చుక్క

అదే పురుగులో విభజన కూడా చూడాలి. అందుకు హీమోసైట్లు, అంటే రక్తకణాలు. కాలు మొన కత్తిరించి ఒక చుక్క స్లైడు మీదకు తీస్తాం. గాలి తగలగానే చుక్క నల్లబడటం మొదలవుతుంది కాబట్టి ఫినైల్‌థయోయూరియా ముందే కలిపి ఉంచుకుంటాం. విభజన దశలో ఉన్న కణాలు మామూలుగా చాలా తక్కువ కనిపిస్తాయి. కొన్ని గంటల ముందు కోల్చిసిన్ ఎక్కిస్తే విభజన మధ్యలో ఆగిపోయిన కణాలు పోగవుతాయి, లెక్కపెట్టడం తేలిక. జీమ్సా స్టెయిన్‌లో క్రోమోజోములు చిన్న చిన్న నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి.

నాకు ఈ పనిలో బాగా నచ్చేది ఇదే. ఒకే పురుగు, ఒకే ఆకు, ఒకే మందు. గ్రంథిలో విడిపోకుండా పెరిగే కణం, రక్తంలో విడిపోయే కణం. చిమటలో కనిపించినట్టు విభజనకు పుట్రెసినే ముఖ్యమైతే, డీఎఫ్ఎంఓ దెబ్బ ముందు రక్తంలో కనిపించాలి. స్లైడులు చాలా ఉన్నాయి. ఎవరిది ఏ గుంపో తెలియకుండా లేబుళ్ల మీద కాగితం అంటించి లెక్కపెడుతున్నాం.

టీఎల్‌సీ ప్లేట్లు

గ్రంథిలోని పాలీఅమైన్లను విడదీసి చూడటానికి టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) వాడాం. గ్రంథి ముక్కను 5 శాతం పెర్‌క్లోరిక్ ఆమ్లంలో ఐస్ మీద నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేలిన ద్రవంలో సోడియం కార్బొనేట్, అసిటోన్‌లో కరిగించిన డాన్సిల్ క్లోరైడ్ కలిపి రాత్రంతా చీకట్లో ఉంచాలి. ట్యూబులకు అల్యూమినియం ఫాయిల్ చుట్టాం. పొద్దున ప్రోలిన్ వేస్తే మిగిలిపోయిన డాన్సిల్ క్లోరైడ్‌ను అది తినేస్తుంది. టోలుయిన్‌తో తీసి, సిలికా ప్లేటు మీద చుక్క పెట్టి, సైక్లోహెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ మిశ్రమంలో నడిపించాం. పక్కన మూడు స్టాండర్డులు.

యూవీ దీపం కింద పెట్టగానే పసుపు కలిసిన పచ్చరంగులో చుక్కలు వెలిగాయి. ఐదో దశ మొదట్లో తీసిన వెనుక గ్రంథిలో స్పెర్మిడిన్ చుక్క అన్నిటికన్నా మెరుస్తోంది. డీఎఫ్ఎంఓ గుంపులో పుట్రెసిన్ చుక్క బాగా వెలిసిపోయింది, స్పెర్మిడిన్ మాత్రం అంత తగ్గలేదు. ఓడీసీ ఆగితే మొదట ఖాళీ అయ్యేది పుట్రెసినే కాబట్టి ఇది సబబుగానే ఉంది. మందు గ్రంథిదాకా చేరుతోందా అన్న నా సందేహం కొంత తీరింది. అయితే స్పెర్మిడిన్ నిలబడి ఉన్నంతకాలం గ్రంథి పెరుగుదలకు దాని అవసరం ఎంతో ఈ మందుతో తేల్చలేం. డీఎఫ్ఎంఓను నాలుగో జ్వరానికి ముందు నుంచే ఇవ్వాలి, నిల్వ కరిగేంత సమయం దానికి దొరకాలి.

గూళ్లు

మిగిల్చిన పురుగులు మేత మాని, ఒళ్లు పారదర్శకంగా మారి, గూళ్లు అల్లుకునే చంద్రికలెక్కాయి. నీళ్ల గుంపు, స్పెర్మిడిన్ గుంపు గూళ్లు గట్టిగా వచ్చాయి. డీఎఫ్ఎంఓ గుంపులో కొన్ని గూళ్లు పలచగా, నొక్కితే లోపలికి పోయేలా ఉన్నాయి. పాలు కారే రోగం ఎక్కడా రాలేదు, అది పెద్ద ఊరట.

గూళ్లు చూడటానికి రైతు వచ్చారు. స్పెర్మిడిన్ గుంపు గూడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఈ మందు ఆకు మీద కొట్టుకోవచ్చా బిడ్డా?" అని అడిగారు. ఇప్పుడే వద్దన్నాను. మందు ఖరీదు ఎక్కువ, వాన పడితే కడుక్కుపోతుంది, ఎప్పుడు ఇస్తే పని చేస్తుందో మాకే ఇంకా తేలలేదు.

ఆ "ఎప్పుడు" అన్నదే వచ్చే బ్యాచ్ పని. ఐదో దశ మొదటి సగంలో గ్రంథి కణం డీఎన్‌ఏ రెట్టింపు చేసుకుంటుంది. రెండో సగంలో ఆ పని ఆపి ఫైబ్రాయిన్ పోస్తుంది. స్పెర్మిడిన్ ఈ రెండు చోట్లా పనికొచ్చేదే. డీఎన్‌ఏను అంటిపెట్టుకునే గుణం ఒక వైపు. ఇంకో వైపు ఈఐఎఫ్5ఏ అనే ప్రోటీన్ ఉంది. ప్రోటీన్ల తయారీలో పనిచేసే దానికి హైప్యుసిన్ అనే మార్పు జరగాలి, ఆ మార్పుకు కావలసిన ముక్క స్పెర్మిడిన్ ఒక్కదాని నుంచే వస్తుంది. మొదటి సగంలో మాత్రమే ఇచ్చిన గుంపులో డీఎన్‌ఏ పెరిగితే దారి ఒకటి. రెండో సగంలో మాత్రమే ఇచ్చినా పట్టు పెరిగి, డీఎన్‌ఏ అలాగే ఉంటే దారి ఇంకొకటి. కాబట్టి స్పెర్మిడిన్ గుంపును రెండుగా చీలుస్తున్నాం. డీఎఫ్ఎంఓ నాలుగో దశ నుంచే మొదలవుతుంది. సమానంగా మేత తూచే గుంపు ఈసారి ప్రతి మందు గుంపుకూ ఒకటి చొప్పున ఉంటుంది. తూకం పని ఎవరు ఏ పూట చేయాలో జూనియర్లు ఇప్పటికే పంచుకున్నారు. కొత్త చాకీకి రైతుకు ఫోన్ చేసి చెప్పాం.